మేకులు కొట్టిన తెప్ప

మా ఊరి నుంచి సముద్రం నలభై కిలోమీటర్లు. చీరాల బస్సెక్కి, అక్కడ దిగి ఆటో మాట్లాడుకుంటే రెండు గంటల పని. అయినా మా ఊరి పిల్లల్లో సగం మంది సముద్రం మొహం చూడలేదు. పెద్దవాళ్ళలో చూసినవాళ్ళు కూడా కార్తీక మాసంలో ఓ మునక వేసి, మిరపకాయ బజ్జీలు తిని తిరిగొచ్చినవాళ్ళే. ఆ నీళ్ళ మీదుగా మన పత్తి బట్ట దూరదేశాలకు పోయిందనీ, మోటుపల్లి రేవులో ఏనుగులూ గుర్రాలూ కర్పూరమూ దిగేవనీ చెబితే, "ఏం పెద్దాయనా, పొద్దున్నే మొదలెట్టావా?" అని నవ్వేవాళ్ళు.

నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది. మా పిల్లల పాఠ్యపుస్తకంలో ఎక్కడెక్కడి రేవులూ ఉండేవి. పక్కనే ఉన్న రేవు గురించి ఒక్క ముక్క ఉండేది కాదు.

నేను బడిలో చదివింది అయిదో తరగతి. మిగతాదంతా జిన్నింగు మిల్లులో కాటా దగ్గర కూర్చుని, బళ్ళు రాని వేళల్లో, గ్రంథాలయం పుస్తకాలు ముందేసుకుని చదివింది. పాతికేళ్ళ వయసులో మోటుపల్లి శాసనం చూద్దామని సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాను. రాతి మీద అక్షరాలు తడిమి చూశానే గాని ఒక్కటీ చదవలేకపోయాను. దాని అర్థం తరవాత పుస్తకంలో దొరికింది. గాలివానకు ఓడ చెదిరి ఒడ్డున పడితే, అందులో సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారట. మేము అలా చెయ్యం, మాకు రావలసిన పన్ను మాత్రం తీసుకుని మిగతాది మీకే వదిలేస్తాం, భయపడకండి అని కాకతీయ రాజు పరదేశి వర్తకులకు మాట ఇచ్చాడు. అది చదివిన రోజున నాకు అన్నం సయించలేదు. ఇంత గొప్ప మాట మన గడ్డ మీద రాసి ఉంటే మనకు తెలియకపోవడమేమిటి?

రెండువేల సంవత్సరం దాటిన రెండు మూడేళ్ళకి, స్థానిక చరిత్రను పిల్లల చేత బొమ్మలుగా, పాటలుగా, నాటకంగా చూపించాలని మా హైస్కూలుకి పైనుంచి కాగితం వచ్చింది. హెడ్మాస్టరు నన్ను పిలిచారు. "మీరు ఎటూ వీధుల్లో చెబుతూనే ఉన్నారుగా, అదేదో బళ్ళో చెప్పండి" అన్నారు. బుధవారం, శనివారం చివరి పీరియడు నాది.

మొదటి రోజు ఓడ బొమ్మ గీయమన్నాను. సగం మంది ట్రాక్టరు ట్రక్కు గీసి దాని మీద గుడ్డ నిలబెట్టారు. ఒకడు ఓడకి ముందు రెండు కొమ్ములు పెట్టాడు. అదేమిట్రా అంటే, "లాగేదెవరు మరి?" అన్నాడు. నేను కోప్పడలేదు. వాళ్ళకు తెలిసిన సరంజామాతోనే సముద్రం చెయ్యాలని అప్పుడే అనుకున్నాను. పాత నీలం చీరలు నాలుగు కుట్టి, అటు నలుగురు ఇటు నలుగురు ఆడపిల్లలు పట్టుకుని ఊపితే అలలయ్యాయి. పత్తి తొక్కే బోరేల కుట్లు విప్పి తెరచాప చేశాం. అల విరిగిన చప్పుడు ఎలాగా అని తలలు పట్టుకుంటుంటే, ట్రాక్టరు వాళ్ళమ్మాయి, ఎనిమిదో తరగతి పిల్ల, ఇంటికి పరిగెత్తి చేట నిండా ఎండు మిరపకాయలు తెచ్చింది. చేటను ఒక పక్కకి వంచితే కాయలు జారుతూ గలగలమని, చివరికి సుయ్యిమంటూ ఆగేవి. కళ్ళు మూసుకుంటే అచ్చం అలే. కళ్ళు తెరిస్తే మాత్రం అందరికీ దగ్గు.

"సముద్రం ఇంత ఘాటుగా ఉంటదా తాతయ్యా?" అంది ఆ పిల్ల తుమ్ముతూ.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. నాకు నిజం తెప్ప కావాలనిపించింది.

"అట్ట ముక్కతో చేయిద్దాం లెండి" అన్నారు హెడ్మాస్టరు.

"పిల్లలు ముట్టుకోవాలండీ. అట్ట ముక్కని ముట్టుకుంటే ఏం తెలుస్తుంది?" అని నేనే గట్టిగా పట్టుబట్టాను.

మా గురువారం సంతకి ఎండు చేపలు అమ్మడానికి మోటుపల్లి పక్క పాలెం నుంచి ఒకావిడ బస్సులో వచ్చేది. నోరు పెద్దది. నాకు పదేళ్ళుగా తెలుసు. ఆవిడని అడిగితే, "మా మావ మనసెట్టా ఉంటదో, నువ్వే వచ్చి అడుగు" అంది. వెళ్ళాను. ఆవిడ మొగుడికి యాభై ఏళ్ళుంటాయి. తక్కువ మాటల మనిషి. అప్పటికే చుట్టుపక్కలవాళ్ళు ఇంజను పడవల్లోకి మారారు. ఆయనకు మాత్రం అయిదు దుంగల తెప్ప ఒక్కటే ఉంది. ఇంకోటి లేదు.

"ఎన్నాళ్ళు?" అన్నాడు.

"శుక్రవారం తీసుకెళ్తాం. శనివారం సాయంత్రం నాటకం. ఆదివారం నీ ఇసకలో ఉంటుంది."

"సోమారం సేపల యాటకి పోవాల. కానాగంతలు ఒడ్డుకొచ్చే రోజులు. ఉన్నదున్నట్టు రావాల పెద్దయ్యా. మాటిస్తన్నావా?"

"నాదీ పూచీ" అన్నాను.

శుక్రవారం ట్రాక్టరుతో వెళ్ళాం. ఆయన తాళ్ళు విప్పుతూ, ఏ దుంగ పక్కన ఏ దుంగ పడాలో, ఏ ముడి ముందు వెయ్యాలో ఒక్కొక్కటీ చూపించాడు. నేను సరిగ్గా చూడలేదు. ఆయన రేవు ఎంత గొప్పదో ఆయనకే చెబుతూ నిలబడ్డాను. ఆయన మర్యాదకి తల ఊపాడు.

బళ్ళో దించేసరికి చీకటి పడుతోంది. మా ఊరి వడ్రంగి అక్కడే స్టేజీ కడుతున్నాడు. బండి చక్రాల పనిలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. తాళ్ళు ఆ దుంగల మీదే పడేసి, "రేపు పిల్లలు ఎక్కుతారు. కదలకుండా చూడు" అని చెప్పి ఇంటికి వచ్చేశాను. నేను అన్నది ఆ ఒక్క మాటే.

శనివారం పదిన్నరకి ట్రాక్టరు వాళ్ళమ్మాయి ఎదురొచ్చింది.

"తాతయ్యా, తెప్పకి తాళ్ళు కడతారన్నావుగా?"

"అవును."

"మరి మేకులున్నాయేంది?"

వెళ్ళి చూశాను. అయిదు దుంగలనూ అడ్డచెక్కలతో కలిపి, వరసగా పన్నెండు మేకులు. ఒక్కొక్కటి ఆరంగుళాలు. తలలు లోపలికి దిగేదాకా కొట్టి ఉన్నాయి. వడ్రంగి చేతులు దులుపుకుంటూ పక్కన నిలబడ్డాడు, మెచ్చుకుంటానని.

"ఎవడయ్యా నిన్ను మేకులు కొట్టమంది?"

"ఎవడేంది? నువ్వే. కదలకుండా చూడమన్నావా లేదా?"

"తాళ్ళు అక్కడే పడేసి వెళ్ళానుగా! బిగించి కట్టమని."

"తాళ్ళా! తాడేసి కట్టేది గొడ్డుని. చెక్కని కాదు. ఇవి బండికి కొట్టే మేకులు. ఇంక ఏనుగెక్కినా చలించదు, చూస్కో. పిల్లల పనని కూలి కూడా అడగలా నేను."

అతని మొహంలో ఎంత సంతోషమో. తిట్టడానికి నోరు తెరిచి మూసుకున్నాను. మా నేల మీద గట్టిది అంటే కదలనిది. కీలు వదులైన బండి పనికిరాదు. అతని బుద్ధికి అది తట్టిందంటే తప్పు లేదు. వెనకటి ఓడలు తాళ్ళతో కుట్టినవని రెండు నెలలుగా పిల్లలకు పాఠం చెప్పిన నాకు, వడ్రంగికి ఆ ఒక్క ముక్క చెప్పాలని ఎందుకు తట్టలేదు? పుస్తకంలో చదివింది పుస్తకంలోనే ఉండిపోయింది.

హెడ్మాస్టరు దగ్గరికి పరిగెత్తాను. "ఇప్పుడు పీకితే నాటకం ఏమవుతుందండీ? ఎంఈవో గారు వస్తున్నారు. అయ్యాక చూద్దాం" అన్నారు. ఆ మాట కాదనలేకపోయాను. కాదనాల్సింది.

సాయంత్రం నాటకం బ్రహ్మాండంగా జరిగిందని అందరూ అన్నారు. నాకు గుర్తున్నది మేకు తలలే. నీలం చీరలు ఊగుతున్నాయి. చేటలో మిరపకాయలు గలగలమంటున్నాయి. ముందు వరసలో ఎంఈవో గారు తుమ్ముతున్నారు. తెప్ప మీద అయిదుగురు పిల్లలు వర్తకులై నిలబడి, "మా సరుకు పోయింది, మా గతేమిటి?" అని ఏడుస్తున్నారు. తలపాగా చుట్టిన ట్రాక్టరు వాళ్ళమ్మాయి రాజై వచ్చి, "ఒడ్డున పడ్డవాడి సొత్తు ముట్టుకోము. భయం వద్దు" అని చెయ్యెత్తింది. ఆ మాటలు రాసింది నేనే. పేదవాడి సొత్తు తెచ్చి, మేకులు దిగ్గొట్టి, దాని మీద నిలబెట్టి అభయం చెప్పిస్తున్నాను. చప్పట్లు మోగాయి. ఎంఈవో గారు నాకు శాలువా కప్పారు. అది భుజం మీద నిలవలేదు, జారిపోతూనే ఉంది.

జనం పోగానే మేకులు పీకడం మొదలుపెట్టాం. వడ్రంగికి అప్పటికి సంగతి అర్థమైంది. కింద పీట పెట్టి, గడ్డపలుగు మొనతో ఒక్కొక్కటీ లేపాడు. ఒకటి, రెండు, మూడు. ప్రతి మేకూ కీచుమంటూ వచ్చేది. పదకొండు వచ్చాయి. నేను ఊపిరి పీల్చుకునేలోపు పన్నెండోది ఫట్‌మంది. నడిమి దుంగ మీద, మేకు రంధ్రం నుంచి జానెడు పొడవున పగులు. గోరు దూరేంత సన్నం.

"లప్పం కూరి, పైన నూనె రుద్దితే ఎవరికీ తెలవదండీ" అన్నారు హెడ్మాస్టరు.

"ఎవరికి తెలవదు? సముద్రానికా?" అన్నాను. గట్టిగానే అన్నాను. కానీ నిజం చెప్పాలి, ఇంటికి పోతూ దారంతా లప్పం గురించే ఆలోచించాను. నిజంగా తెలియదేమో. సన్నటి పగులేగా. పెద్ద దుంగ, చిన్న పగులు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. ట్రాక్టరు నడిపేది ఆ పిల్ల నాన్న. ట్రక్కులో దుంగల పక్కన నేనూ, వడ్రంగీ, ఆ పిల్లా. పర్చూరు దాటాక వడ్రంగి అడిగాడు, "కొడతాడంటావా?"

"కొడితే పడదాం" అన్నాను.

సరుగుడు తోటలు దాటి ఇసకలో దిగగానే ఆ పిల్ల సముద్రం చూసింది. రెండు నెలలు సముద్రం ఆడిన పిల్ల, మొదటిసారి చూడటం. ఒక అల విరిగి వెనక్కి పోయేదాకా, ఇంకోటి వచ్చేదాకా చూసింది. తరవాత నా చెయ్యి పట్టుకుని, "ఇది ఆగదా తాతయ్యా?" అంది.

తెప్ప ఆసామి వచ్చి దుంగల చుట్టూ తిరిగాడు. చెప్పకముందే చూశాడు. వంగి, ఒక రంధ్రంలో చిటికెన వేలు పెట్టి తీశాడు. మరో రంధ్రంలో పెట్టాడు. పన్నెండూ అలాగే చూశాడు. మేం నిలబడ్డాం. చివరికి పగులు దగ్గర కూలబడ్డాడు. అరిచింది ఆయన భార్య.

"ఓరి మీ సేతులు పడిపోను! దుంగకి మేకులు కొట్టేవోళ్ళు ఏడన్నా ఉంటారా? సదువుకున్నోళ్ళని ఇత్తే సదువుకున్నోళ్ళు సేసే పనేనా ఇది? పదేళ్ళుగా నీకు కొసరేసి సేపలిచ్చాను కదయ్యా పెద్దాయనా, నా కొంపకేనా నువ్వు దొరికింది?"

"తప్పు నాదే అమ్మా. నేనే కదలకుండా చెయ్యమన్నాను" అన్నాను.

"కొట్టింది నేను" అన్నాడు వడ్రంగి, తల దించుకుని.

"ఊరుకోవే" అన్నాడాయన. వడ్రంగి వైపు చూసి, "తెప్ప బండి కాదయ్యా. అలొస్తే దుంగా దుంగా సర్దుకోవాల. కదిలితేనే బతికేది. ఇంటికొచ్చాక విప్పి ఎండబెడతాం, లేపోతే నీళ్ళు తాగి బరువెక్కుద్ది. నువ్వు దాన్ని బిగదీసి పెట్టావు" అన్నాడు. అంతే. అంతకు మించి తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

తాళ్ళు తీసుకుని తెప్ప కట్టాడు. ఎంతసేపూ పట్టలేదు. తరవాత నా వైపు తిరిగాడు.

"నీళ్ళలో సూడకుండా సెప్పలేను. తెడ్డు నేనెయ్యాల. పగులు మీద సెయ్యేసి కూకునేవోడు కావాల. సెయ్యికే తెలుస్తది, పెరుగుద్దో లేదో."

"నేనొస్తా" అన్నాడు వడ్రంగి. అంటూనే ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మాటిచ్చింది ఎవరు?" అన్నాడాయన.

నేను పంచె ఎగ్గట్టాను. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని. రేవుల గురించి, ఓడల గురించి ఊరంతా చెప్పినవాణ్ణి. మోకాళ్ళ లోతు దాటి సముద్రంలోకి ఏనాడూ దిగలేదు. ఆ సంగతి ఆ రోజు దాకా నేనే గమనించలేదు. "జాగర్త తాతయ్యా!" అని ఆ పిల్ల వెనకనుంచి అరిచింది. ఆయన భార్య, "జాగర్త ఆయనకి కాదే, నా మొగుడికి సెప్పు!" అంది.

మొదటి అల మా మీద నుంచి పోయింది. నోట్లో, కళ్ళలో ఉప్పు. రెండోది తెప్పను నిలువునా లేపింది. దుంగల మధ్య నుంచి నీళ్ళు బుస్సుమని పైకి లేచాయి. నేను ఒక చేత్తో తాడు, రెండో చేత్తో పగులు పట్టుకుని బోర్లా పడ్డాను. ఆయన వెనక మోకాళ్ళ మీద కూర్చుని తెడ్డు వేస్తున్నాడు. అలలు విరిగే చోటు దాటాక తెప్ప కొంచెం కుదురుకుంది. అప్పుడు తెలిసింది, అయిదు దుంగలు అయిదు రకాలుగా ఊపిరి తీస్తున్నాయని. ఒకటి లేస్తే ఒకటి దిగుతోంది. నా చెయ్యి కింద పగులు కూడా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. బయల్దేరినప్పుడు గోరు దూరేది. ఇప్పుడు వేలి చివర దూరింది.

"పెరిగిందా?" అని అడిగాడు వెనకనుంచి.

నేను వెంటనే చెప్పలేదు. పెరగలేదంటే ఆయన సోమవారం వేటకి పోతాడు, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, నా తప్పు కూడా చిన్నదవుతుంది. పెరిగిందంటే ఆ దుంగ పోయినట్టే. ఇంకో అల వచ్చింది. వేలు ఇంకొంచెం లోపలికి పోయింది.

"పెద్దయ్యా, పెరిగిందా?"

"పెరిగింది" అన్నాను.

ఆయన తెడ్డు రెండో వైపు వేసి తెప్పను ఒడ్డుకి తిప్పాడు.

ఒడ్డున తాళ్ళు విప్పి, నడిమి దుంగను లాగి పక్కన పడేశాడు. మిగతా నాలుగూ దగ్గరికి చేర్చి మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు.

"నాలుగింటి మీద పోవచ్చా?" అని అడిగాను.

"దగ్గర్లో పోవచ్చు. గాలి లేకపోతే. ఇంకో దుంగ దొరికిందాకా ఇంతే."

"అలాంటి చెక్క ఎక్కడ దొరుకుద్దో చెప్పు, నేను తెస్తా" అన్నాడు వడ్రంగి.

"కాకినాడ అవతల నుంచి రావాల. తెచ్చినా నువ్వు ముట్టుకోమాక" అన్నాడాయన. ఆయన భార్య నవ్వాపుకోలేకపోయింది, కోపంలోనే. వడ్రంగి మాత్రం నవ్వకుండా ఆయన పక్కన ఇసకలో కూర్చుని, ముడి ఎలా పడుతోందో చూస్తూ ఉండిపోయాడు. చీకటి పడేముందు లేపాల్సి వచ్చింది.

ఆ మాఘం, ఫాల్గుణం అంతా ఆయన నాలుగు దుంగల మీదే వేటకి పోయాడు. గురువారం సంతలో ఆయన భార్య కనబడేదాకా నాకు కుదురుండేది కాదు. "ఇయ్యాల వచ్చాడు, రేపటి సంగతి తెలీదు. నీ పుణ్యమే" అని అందరూ వినేట్టు అనేది. నేను తల ఊపి వచ్చేసేవాణ్ణి. వడ్రంగి రెండుసార్లు కాకినాడ వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

ఆ రోజుల్లో మా కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతుంటాయి. గాలి లేచిందంటే కాయల మీద కప్పే పట్టాలు పట్టుకుని ఊరంతా కళ్ళాలకి పరిగెడుతుంది. ఒక బుధవారం నా పీరియడులో ఉన్నట్టుండి గాలి లేచింది. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. నేను సుద్దముక్క పట్టుకుని ఆగిపోయాను. పిల్లలు కళ్ళాలకి పోనిమ్మని అడుగుతారనుకున్నాను. ఎవరూ అడగలేదు. ట్రాక్టరు వాళ్ళమ్మాయి లేచి నిలబడింది.

"తాతయ్యా, ఇయ్యాల ఆయన వేటకి పోయుంటాడా?"

తెలియదని చెప్పాను. గాలి తగ్గేదాకా ఎవరమూ పాఠం మళ్ళీ మొదలుపెట్టలేదు.